నిమిషానికి 16 మాటలు చాలు: స్టెనో గురించి మా హాస్టల్ నుంచి

పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, స్టెనో నేర్చుకుంటే టైపింగ్ స్పీడు నాలుగింతలవుతుందంట, నిజమేనా? ఫీజు కట్టేయమంటారా?" అని. కింద చాలామంది రాశారు. కొందరు కట్టేయ్ తమ్ముడూ, గవర్నమెంటు జాబు గ్యారంటీ అన్నారు. కొందరేమో ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేసేస్తుంటే ఈ కాలంలో గీతలు ఎవడు గీస్తాడ్రా అని నవ్వారు. మేం అప్పుడు ఏమీ రాయలేదు. మా రూములో ఐదుగురం ఏడాది పైగా అదే పని మీద ఉన్నాం. అందులో ఇద్దరం మధ్యలో మానేసి మళ్ళీ చేరాం. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఊరుకున్నాం.

మేం డిగ్రీ రెండో సంవత్సరం. మన్యం నుంచి వచ్చి మైదానంలో ఒక టౌన్ హాస్టల్లో ఉంటున్నాం. ఇద్దరు కోయ, ఒకరు బగత, ఒకరు కొండదొర, ఒకరు సవర. మా ఐదు ఇళ్ళల్లోనూ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు.

మా మాట ముందే చెప్పేస్తాం. స్టెనో నేర్చుకోండి. కానీ టైపింగ్ స్పీడు పెంచుకోవడానికని చేరితే డబ్బులూ పోతాయి, మనసూ విరుగుతుంది. అది వేరే పని. ఆ వేరే పని మనకి చాలా అవసరం.

మేం కూడా ఆ స్పీడు పిచ్చితోనే మొదలుపెట్టాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ని కొట్టేసిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ధైర్యం అప్పటిదాకా ఉండేది. మా సీనియర్లు డీఎడ్, బీఎడ్ అని ఆ దారిలోనే వెళ్ళారు. మేం చదువుకొచ్చేసరికి ఆ దారి ఇరుకైపోయింది. అందుకని వేరే ఏం పరీక్షలున్నాయని వెతుకుతుంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ నోటిఫికేషన్ కనిపించింది. ఇంటర్ పాసైతే చాలు. ఎస్టీలకి అప్లికేషన్ ఫీజు లేదు, వయసులో ఐదేళ్ళ సడలింపు ఉంది. గ్రేడ్ డికి మూల వేతనమే 25,500 దగ్గర మొదలు. మా ఇళ్ళల్లో ఆ అంకె చెబితే నమ్మలేదు.

టౌన్లో పాత బస్టాండు వెనక ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. గోడకి చేరేసి పాత మిషన్లు, వాటి మీద కప్పిన రెక్సిన్ గుడ్డలు, ఒక మూల నాలుగు కంప్యూటర్లు. మొదటి నెలంతా ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. రాత్రి నిద్రలో కూడా వేళ్ళు అవే కొట్టేవి. టెక్నికల్ బోర్డు పరీక్షల్లో టైపు లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. షార్ట్‌హ్యాండ్ లోయర్ 80, హయ్యర్ 120. ఈ అంకెలు పక్కపక్కన గోడ మీద రాసి ఉంటే మాకేమనిపించింది? 45 కంటే 120 ఎక్కువ కాబట్టి షార్ట్‌హ్యాండ్ అంటే రెండున్నర రెట్లు స్పీడు టైపింగ్ అనిపించింది. అక్కడే పొరబడ్డాం. గ్రూపులో తమ్ముడు పొరబడింది కూడా అక్కడే.

కమిషన్ పరీక్షనే లెక్కేసి చూడండి. గ్రేడ్ డికి నిమిషానికి 80 మాటల చొప్పున 10 నిమిషాలు డిక్టేషన్ చెబుతారు. అంటే 800 మాటలు. దాన్ని ఇంగ్లీషులో కంప్యూటర్ మీద ఎక్కించడానికి 50 నిమిషాలు ఇస్తారు. 800ని 50తో భాగించండి. 16. నిమిషానికి 16 మాటలు టైపు చేస్తే సరిపోతుంది! గ్రేడ్ సికి 100 చొప్పున 10 నిమిషాలు, 1000 మాటలు, 40 నిమిషాల టైము. అంటే 25. టైపు లోయర్ పాసైనవాడి చేతులకి ఇది పెద్ద పనే కాదు. మరి అంతమంది స్కిల్ టెస్టులో ఎందుకు పోతున్నారు? టైపు రాక కాదు. తాము గీసిన గీతలు తామే చదువుకోలేక. ఆ 50 నిమిషాలూ వేళ్ళ కోసం ఇచ్చింది కాదు, ఇక్కడ ఆయన ఏమన్నాడబ్బా అని మన నోట్‌బుక్కుతో మనం తగువు పడటానికి ఇచ్చింది.

ఈ లెక్క మా మాస్టారు చెప్పలేదు. మాలో సవర కుర్రాడు ఒకడున్నాడు, బీకామ్. మెస్సులో ఉప్మా తింటూ వేలితో బల్ల మీద భాగహారం చేసి చెప్పాడు. ఆ రోజు నుంచి మేం టైపు స్పీడు వెంట పరుగెత్తడం మానేశాం.

షార్ట్‌హ్యాండ్ అంటే ఏంటో తెలియని వాళ్ళ కోసం కొంచెం చెబుతాం. ఇక్కడ ఎక్కువగా నేర్పేది పిట్‌మన్ పద్ధతి. ఐజాక్ పిట్‌మన్ అనే ఇంగ్లండు బడిపంతులు 1837లో పెట్టింది. స్పెల్లింగుతో పని లేదు, చెవికి వినిపించిందే రాయాలి. పక్కకి వాలిన గీత సన్నగా గీస్తే ప, అదే వత్తి గీస్తే బ. నిలువు గీత సన్నగా ట, లావుగా డ. అలాగే చ-జ, క-గ. మొదటి వారం ఇది చూసి మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇది మన అక్షరమాలే కదా! బళ్ళో క ఖ గ ఘ అని వర్గాల వారీగా పాడినవాళ్ళకి ఈ జంటలు కొత్త కాదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి సి అక్షరం ఎక్కడ స, ఎక్కడ క అన్న గొడవ తెగదు, మాకు ఆ గొడవే లేదు. అచ్చులు కూడా అంతే. ముందు హల్లుల గీత గీసేసి తర్వాత దాని పక్కన చుక్కో చిన్న అడ్డగీతో పెడతారు. గుణింతం అన్నమాట. చుక్క గీతకి మొదట్లో పెడితే ఒక అచ్చు, మధ్యలో పెడితే ఇంకోటి, చివర పెడితే మరోటి.

కష్టం స్పీడు వచ్చాక. స్పీడులో చుక్కలు పెట్టే టైము ఉండదు, హల్లులే మిగులుతాయి. పాన్, పెన్, పిన్ మూడింటికీ ఆకారం ఒకటే. గీత లైనుకి పైన ఉందా, లైను మీద ఉందా, లైనుని కోసుకుంటూ ఉందా అన్నదాన్ని బట్టి, పైగా వాక్యంలో అర్థాన్ని బట్టి ఊహించుకోవాలి. మా వాడొకడు పెన్సిల్ చెక్కుకోకుండా వెళ్ళి మొద్దు మొనతో రాశాడు. సన్నమేదో లావేదో తెలియక, పార్లమెంటులో బిల్లు పాసైంది అన్న చోట పిల్లు పాసైంది అని టైపు చేశాడు. ఇన్‌స్టిట్యూట్ మొత్తం నవ్వింది. నవ్వాం గానీ తర్వాత ఆలోచిస్తే అందులో ఉన్నది పెన్సిల్ తప్పు ఒక్కటే కాదు. పార్లమెంటులో పాసయ్యేది బిల్లని ఇంగ్లీషు వార్తలు రోజూ వినేవాడికి తడుతుంది. వాడు వినేవాడు కాదు. మేమెవరం వినేవాళ్ళం కాదు.

అందుకే అంటున్నాం, అడ్డం పడేది గీతలు కాదు, ఇంగ్లీషు. కమిషన్ రాత పరీక్షలో 200 మార్కులుంటే అందులో 100 ఇంగ్లీషువే. స్కిల్ టెస్టు ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వాలి, తెలుగు లేదు. మనకి తెలుగే రెండో భాష. ఒకటో తరగతిలో మాలో ముగ్గురం తెలుగు అర్థం కాకుండానే పలక మీద తెలుగు దిద్దాం. టీచర్ చెప్పిన శబ్దం చెప్పినట్టు రాశాం, అదేంటో ఇంటికెళ్ళి అడిగినా చెప్పేవాళ్ళు లేరు. ఆ అలవాటు షార్ట్‌హ్యాండులో సగం దాకా సాయం చేస్తుంది. విన్నది విన్నట్టు చెయ్యి రాసేస్తుంది. మిగతా సగంలో మోసం చేస్తుంది, ఎందుకంటే అర్థం తెలియకుండా గీసిన గీత గంట తర్వాత మనకే పరాయిదైపోతుంది.

మధ్యలో మానేసిన ఇద్దరూ మానేసింది అక్కడే. 60 దగ్గర రెండు నెలలు ఆగిపోయారు. ఎంత రాసినా కదల్లేదు. నెలకి 600 ఫీజు దండగని ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. మళ్ళీ ఎలా చేరారంటే, గీతలు పక్కన పెట్టి రోజూ రాత్రి స్టడీ అవర్లో ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు ఫోన్లో పెట్టుకొని, స్పీడు తగ్గించి, ముందు మామూలు ఇంగ్లీషులో అర్థం చెప్పుకున్నారు. తర్వాతే పెన్సిల్ పట్టుకున్నారు. మూడు నెలలకి 80 దాటింది. అద్భుతం ఏమీ లేదు, ఇంగ్లీషు వచ్చింది అంతే.

ఇక వీడియోల సంగతి. నిమిషానికి 200 మాటలు కీబోర్డు మీద కొట్టేస్తున్నారని ఒకాయన మన గ్రూపులో లింకు పెట్టాడు. అది అబద్ధం కాదు. అమెరికా కోర్టుల్లో స్టెనో మిషన్ అని ఉంటుంది. దాని మీద అక్షరం తర్వాత అక్షరం కొట్టరు. హార్మోనియం మీద నాలుగు మెట్లు కలిపి నొక్కినట్టు ఒకేసారి చాలా కీలు నొక్కుతారు. ఎడమ చెయ్యి ముందొచ్చే హల్లులు, బొటనవేళ్ళు అచ్చులు, కుడి చెయ్యి చివరి హల్లులు. ఒక్క నొక్కుడుకి ఒక పలుకు మొత్తం పడిపోతుంది. అక్కడ కోర్టు రిపోర్టర్ల సర్టిఫికెట్ పరీక్షలో పై అంచె నిమిషానికి 225 మాటలు. ఆ పద్ధతిని మామూలు కంప్యూటర్ మీద నేర్చుకోవడానికి ప్లోవర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

మేం ఊరుకుంటామా? సీనియర్ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి ఎక్కించాం. ఏడెనిమిది కీలు కలిపి నొక్కితే కొన్నే పడ్డాయి. మామూలు కీబోర్డులు చాలావరకు అన్ని కీల నొక్కుడు ఒకేసారి పట్టుకోలేవని, దానికి తగ్గ కీబోర్డు వేరే కొనుక్కోవాలని తర్వాత తెలిసింది. ఆ ఆలోచన మాత్రం మాకు చాలా నచ్చింది. ఒక పలుకు ఒక దెబ్బ అంటే మన తెలుగు అక్షరమే కదా, హల్లూ అచ్చూ వత్తూ కలిపి ఒక ముద్ద. ఇంట్లో ల్యాప్‌టాపు ఉండి, ఇంగ్లీషులో కంటెంట్ రాసే పనో సబ్‌టైటిల్స్ పనో చేసేవాళ్ళుంటే తప్పకుండా ప్రయత్నించండి. దాని నిఘంటువు కూడా ఇంగ్లీషుదేనని గుర్తుంచుకోండి. మనం రాసే కమిషన్ పరీక్షలో మాత్రం డిక్టేషన్ తీసుకునేది పెన్సిలూ కాగితంతోనే. ఉద్యోగం కోసమైతే ముందు మామూలుగా కీబోర్డు చూడకుండా టైపు కొట్టడం, తర్వాత పిట్‌మన్. ఈ వరస మార్చొద్దు.

ఇంతవరకు రాసింది పరీక్ష సంగతి. అసలు మేం ఈ పోస్టు రాయడానికి కారణం వేరే ఉంది.

అక్టోబర్ 2న మాలో ఒకరి ఊళ్ళో గ్రామసభ పెట్టారు. సెలవులకి ఇద్దరం వెళ్ళాం. ఊరి మీదుగా ఒక పని రావాలి, దానికి కొంత భూమి కావాలి, అదీ విషయం. చింతచెట్టు కింద గంటన్నర మాట్లాడారు, అంతా కోయలోనే. పెద్దలు, ఆడవాళ్ళు, ఒకరి మీద ఒకరు. మినిట్స్ రాసే ఆయన మంచివాడే, కుర్చీలో కూర్చొని ఓపికగా విన్నాడు. ఆయనకి కోయ రాదు. పక్కన ఒకతను తెలుగులో చెబుతుంటే రాసుకున్నాడు. చివర్లో చదివారు. నాలుగు లైన్లు. సభ్యులు విషయమును కూలంకషంగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది, అని. కింద వేలిముద్రలు.

మేం నోట్‌బుక్ తీసుకెళ్ళాం. 80 స్పీడు ఉందన్న పొగరు కూడా తీసుకెళ్ళాం. పిట్‌మన్‌లో కోయ మాటలు రాసేద్దామనుకున్నాం, శబ్దమే కదా రాసేదని. పది నిమిషాలకే చెయ్యి ఆగింది. ఇంగ్లీషు కోసం చేసిన గీతలవి. న ఉంది, ణకి వేరే గీత లేదు. ల ఉంది, ళకి లేదు. అలవాటైన మాటలకి ఇంగ్లీషులో గుర్తులు ఉంటాయి, మన మాటలకి మనం ఏ గుర్తులూ పెట్టుకోలేదు. ఆ పది నిమిషాల కాగితం ఇప్పటికీ మా దగ్గర ఉంది, ఏం రాశామో మాకే తెలీదు. అప్పుడిక గీతలు వదిలేసి తెలుగు అక్షరాల్లోనే కోయ మాటలు పొట్టి చేసి రాయడం మొదలుపెట్టాం. పేర్లకి మొదటి అక్షరం, మాటిమాటికీ వచ్చే ఊరు, పొలం, వాగు లాంటి వాటికి ఒక్కో గుర్తు. అలా ఒక పెద్దావిడ మాట్లాడింది మాత్రం దాదాపు మొత్తం పట్టుకున్నాం. మాలో ఒకరికి పెద్దమ్మ వరస అవుతుంది.

రాత్రి పొయ్యి దగ్గర కూర్చొని ఆవిడకి చదివి వినిపించాం. వాగుకి పోయే దారి గురించి, పాతిపెట్టిన పెద్దల రాళ్ళ గురించి చెప్పినవన్నీ తలూపుతూ విన్నది. ఒక చోట చెయ్యి పైకెత్తి ఆపేసింది. "నేను ఇవ్వమనలేదురా. అడక్కుండా ఇవ్వమన్నాను" అంది.

ఒక్క మాట వదిలేశాం. ఆ ఒక్క మాట లేకపోతే ఆవిడ మొండిగా కాదన్నట్టు. ఆ మాట ఉంటే ఆవిడ అడిగింది చట్టం చెప్పిందే. 1996 పెసా చట్టం కూడా అదే అంటుంది కదా, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు అక్కడి వాళ్ళని సంప్రదించాలని. ఆవిడకి చట్టం పేరు తెలీదు. సర్కారు కాగితంలో ఆవిడ మాట రెండు రకాలుగానూ లేదు, ఏకగ్రీవముగా ఆమోదించడమైనది అన్నదే ఉంది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మినిట్స్ రాసినాయన్ని తప్పు పట్టడం లేదు. గంటన్నర మాటని చేత్తో రాయమంటే ఎవరైనా నాలుగు లైన్లకే దించుతారు. మామూలుగా మనిషి మాట్లాడేది నిమిషానికి నూరు మాటల పైమాటే, మామూలు చేతిరాత అందులో పావు వంతు కూడా అందుకోలేదు. రాసేవాడు అందుకోలేనిది వదిలేస్తాడు. ఏది వదలాలో వాడే తేలుస్తాడు. ఎప్పుడూ ఆ రాసేవాడు మనవాడు కాకపోతే వదిలేసేది ఎప్పుడూ మన మాటే అవుతుంది.

ఇంకో వైపు కూడా చూడండి. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, తనని తాను అడవి మనిషిగా చెప్పుకొని, ప్రజాస్వామ్యం ఆదివాసులకి మీరు నేర్పక్కర్లేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట మనం పోస్టర్ల మీద వేసుకుంటున్నాం, గ్రూపులో పంచుకుంటున్నాం. అది ఈరోజు మనకి ఎలా దొరికింది? ఆ సభలో మాట్లాడింది మాట్లాడినట్టు రాసుకునే రిపోర్టర్లు ఉన్నారు కాబట్టి. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీదు. మరి కొమరం భీమ్ జోడేఘాట్‌లో తన వాళ్ళతో గోండీలో ఏమేం మాట్లాడాడు? పాటల్లో ఉంది, పెద్దల జ్ఞాపకంలో ఉంది. పక్కన కూర్చొని రాసుకున్నవాడు లేడు.

దగ్గరలో ఇంకోటి. 2013లో ఒడిశా నియమగిరి కొండల్లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు జరిగాయి. న్యాయాధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. డోంగ్రియా కోందులు, మిగతా ఊళ్ళవాళ్ళు తమ మాట తాము చెప్పారు. 12 సభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఆ మాట కాగితం మీదికి ఎక్కింది కాబట్టే లెక్కలోకి వచ్చింది. అన్ని ఊళ్ళకీ సుప్రీంకోర్టు ఒక జడ్జిని పంపదు కదా.

ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. చేయండి, మేం కూడా చేశాం. గాలి మోత, కోళ్ళు, పది గొంతులు కలిపి గంటన్నర. దాన్ని విని రాయడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఎవరు ఏది అన్నారో రాసుకున్న కాగితం పక్కన లేకపోతే అది కూడా అయ్యేది కాదు. ఫోనే టైపు చేస్తుందంటారా? తెలుగైతే చేస్తుంది, ఇంగ్లీషైతే చేస్తుంది. కేంద్రం 2025లో ఆదివాణి అని ఆదివాసీ భాషల యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భిలీ, ముండారీ, గోండీ ఉన్నాయి. మంచిదే, గోండు అన్నలకి సంతోషం. మా రూములో మాట్లాడే కోయ, సవర ఆ విడతలో లేవు. అవి వచ్చేదాకా గ్రామసభలు ఆగవు.

సవర అంటే గుర్తొచ్చింది. మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గర కూర్చొని వాళ్ళ భాష నేర్చుకొని 1931లో సవర భాషకి వ్యాకరణ పుస్తకం వేశారు. వాడుక తెలుగు కోసం కొట్లాడిన మనిషిగానే మనకి చెబుతారు గానీ, విన్నది విన్నట్టు రాయాలన్న పట్టుదలకి సవరల దగ్గర కూర్చోవడం కూడా ఒక కారణం అయ్యుంటుందని మా సవర వాడి వాదన. రుజువేంట్రా అంటే నా చెవి అంటాడు. సరే, వదిలేద్దాం.

ఇక చేయాల్సిన సంగతి. ఉద్యోగం కావాలనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఏడాదిన్నర పెట్టుకోండి, రోజూ రెండు గంటలు. మూడు నెలల్లో 100 స్పీడు అన్న బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకండి. ఇన్‌స్టిట్యూట్ దూరమైతే ఐటీఐలో స్టెనోగ్రాఫర్ అండ్ సెక్రటేరియల్ అసిస్టెంట్ అని ఏడాది ట్రేడ్ ఉంది, మీ దగ్గర్లో ఏ ఐటీఐలో ఉందో కనుక్కోండి. కోర్టుల స్టెనో పోస్టులకి టెక్నికల్ బోర్డు సర్టిఫికెట్లు పనికొస్తాయి కాబట్టి లోయర్, హయ్యర్ పరీక్షలు వదలొద్దు. పెన్సిల్ మాత్రం రోజూ చెక్కుకోండి, మా పిల్లు గుర్తుంది కదా.

హాస్టళ్ళ గురించి ఒక మాట. చాలా చోట్ల కంప్యూటర్ గది ఉంది, దానికి తాళమూ ఉంది. సాయంత్రం రెండు గంటలు ఆ తాళం తీయమని మనమంతా కలిసి అడుగుదాం. ఆరేడు హాస్టళ్ళకి కలిపి వారానికి రెండు రోజులు ఒక షార్ట్‌హ్యాండ్ మాస్టారిని పంపమని అడుగుదాం. టీచర్ పోస్టుల దారి మూసుకుపోయిందని గ్రూపులో రోజూ బాధపడుతున్నాం. బాధ నిజమే. ఇది చిన్న అడక్కం, అర్జీ పెడితే పోయేదేమీ లేదు. అర్జీ మేం రాసిపెట్టాం, సంతకాలు కావాలి.

ఉద్యోగం వద్దనుకునే వాళ్ళకి కూడా ఒక పని ఉంది. మీ మీ భాషల్లో గ్రామసభలో మాటిమాటికీ వచ్చే మాటలు ఒక నూరు రాయండి. కొండ, పోడు, పట్టా, వాగు, ఇస్తాం, ఇవ్వం, అడగాలి, ఒప్పుకోం, ఇలాంటివి. ఒక్కోదానికి ఒక పొట్టి గుర్తు అనుకుందాం. పిట్‌మన్ గీతలే అక్కర్లేదు, తెలుగు అక్షరాలతోనే. కోయకి మేం 60 దాకా తయారు చేశాం, వచ్చే ఆదివారం ఫోటో తీసి పెడతాం. తప్పులుంటే పెద్దల్ని అడిగి దిద్దండి. కువి, కొండ, గదబ, సవర వాళ్ళు మీవి మీరు పెట్టండి.

పెద్దమ్మ చెప్పిందంతా శుభ్రంగా తిరగరాసి, ఆ ఒక్క మాట కలిపి ఆవిడకిచ్చాం. ఆవిడకి చదవడం రాదు. ట్రంకు పెట్టెలో పోడు పట్టా పక్కన పెట్టుకుంది. జనవరి 26న మళ్ళీ గ్రామసభ అంట. ఈసారి ముగ్గురం వెళ్తున్నాం, ఒకరు రాస్తుంటే ఇంకొకరు పెన్సిళ్ళు చెక్కాలని మాట్లాడుకున్నాం.